‘బాధేసింది’ని ఇంగ్లీషులో ఏమనాలి?

(ఇంగ్లీషు నేర్చుకుంటున్న పెద్దవాళ్ల కోసం చేసిన ప్రసంగం, అక్షరరూపంలో)

అందరికీ నమస్కారం.

ఒక అమ్మాయి గురించి చెప్పి మొదలుపెడతాను. నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని పై చదువుకి వేరే దేశం వెళ్లింది. వ్యాకరణంలో తప్పు పట్టడానికి ఉండేది కాదు. వెళ్లిన కొన్ని నెలలకి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. తనను పెంచిన అమ్మమ్మ పోయింది. మర్నాడు క్లాసులో తన ప్రెజెంటేషన్ ఉంది. ఆ రాత్రి ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టింది: ‘ఐ యామ్ ఫీలింగ్ వెరీ బ్యాడ్. ఐ కెనాట్ కమ్ టుమారో.’ కాసేపటికి జవాబు వచ్చింది: ‘గెట్ వెల్ సూన్.’ త్వరగా కోలుకో అని. అది చూసి ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. “నేను ఇంత బాధలో ఉంటే ఆయన అంత తేలిగ్గా ఎలా తీసుకున్నారు మాస్టారూ” అని ఏడ్చింది.

ఆయన తేలిగ్గా తీసుకోలేదు. తనకు అందిన మాటకి మర్యాదగా జవాబిచ్చారు. ‘ఐ యామ్ ఫీలింగ్ బ్యాడ్’ అని సెలవు అడిగితే, ఇంగ్లీషులో పుట్టి పెరిగిన మనిషికి ముందుగా తోచేది ఒంట్లో బాగాలేదని. లేదంటే, చేసిన పనికి మనసు పీకుతోందని. అమ్మమ్మ పోయిన దుఃఖం ఆ మాటలో ఆయనకు వినబడదు. మా అమ్మాయి మనసులో ఉన్నది ‘బాధగా ఉంది’. దాన్ని మాటకు మాట దించేసరికి ‘ఫీలింగ్ బ్యాడ్’ అయింది. ‘గ్రీఫ్’ అన్న మాట తనకు తెలుసు. ‘హార్ట్‌బ్రోకెన్’ కూడా తెలుసు. ఆ రాత్రి అవి నోటికి రాలేదు, అంతే.

ఆ తర్వాత నేను పాఠం చెప్పే పద్ధతి మార్చుకున్నాను. అంతకుముందు జాబితాలు ఇచ్చేవాణ్ణి. హ్యాపీ అంటే సంతోషం, శాడ్ అంటే విచారం, యాంగ్రీ అంటే కోపం. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు. ఆ జాబితాల వల్లే ఆ పిల్ల దెబ్బతిందని నాకు అనిపించింది. మనసు అనే పొలం అందరికీ ఒక్కటే కావచ్చు, కానీ ఒక్కో భాష గట్లు ఒక్కో చోట వేసుకుంది. మన మడి వాళ్ల మడికి కొలతకు కొలత సరిపోదు. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ గట్ల గురించే.

‘బాధ’నే తీసుకోండి. కాలికి దెబ్బ తగిలితే బాధ. ఎవరైనా మాట అంటే బాధ. పరీక్ష పోతే బాధ. మనిషి పోతే బాధ. ఒకరికి అన్యాయం చేశామని తెలిసినా బాధే. తెలుగులో దీనివల్ల ఇబ్బంది లేదు, ఎదుటివాళ్లు సందర్భాన్ని బట్టి గ్రహిస్తారు. ఇంగ్లీషు వీటిని విడివిడిగా అడుగుతుంది. ఒంటి నొప్పి ‘పెయిన్’. ఒకరి మాట వల్ల కలిగితే ‘హర్ట్’. అనుకున్నది జరగకపోతే ‘డిసప్పాయింటెడ్’. మనిషి పోతే ‘గ్రీఫ్’. నావల్ల తప్పు జరిగిందంటే ‘గిల్టీ’, ఆ పని చేయకుండా ఉండాల్సిందంటే ‘రిగ్రెట్’. కారణం చెప్పలేం గానీ మనసు బాగాలేదంటే ‘లో’ లేదా ‘డౌన్’. వీటిలో చాలావాటి మీద పరుచుకునే మాట ఒకటుంది, ‘అప్‌సెట్’. ఏడుపుకీ సరిపోతుంది, నొచ్చుకోవడానికీ సరిపోతుంది, కాస్త కోపానికీ సరిపోతుంది. ఏది వాడాలో తోచనప్పుడు వాడుకోమని నా విద్యార్థులకు నేనిచ్చే మాట అదే.

కాబట్టి ఇంగ్లీషు మాట వెతికే ముందు తెలుగులోనే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ బాధ దేనివల్ల? ఆ అమ్మాయీ నేనూ ఫోన్‌లోనే ఇంకో మెయిల్ రాశాం. ‘మై గ్రాండ్‌మదర్, హూ రెయిజ్డ్ మీ, డైడ్ యెస్టర్‌డే. ఐ యామ్ హార్ట్‌బ్రోకెన్, అండ్ ఐ యామ్ నాట్ ఏబుల్ టు ప్రెజెంట్ టుమారో.’ మొదటి వాక్యంలో కారణం ఉంది చూడండి. పెంచిన అమ్మమ్మ అని ఉంది. అది చెప్పాక రెండో వాక్యంలో ఒక్క మాట చాలింది. ఈసారి ఆయన జవాబు ‘ఐ యామ్ సో సారీ’ అని మొదలైంది.

ఆ ‘సారీ’ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. చావు కబురు వింటే ఇంగ్లీషువాళ్లు ‘సారీ’ అంటారు. ఆయనేం తప్పు చేశాడని క్షమాపణ అడుగుతున్నాడు, అని మనవాళ్లు అయోమయపడతారు. ‘సారీ’ పుట్టింది నొప్పి అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి. పుండుని ‘సోర్’ అంటారే, దానికి చుట్టం. వినడానికి దగ్గరగా ఉన్నా ‘సారో’తో దానికి పుట్టుకలో సంబంధం లేదు. మన ‘నొచ్చుకోవడం’ అచ్చం ఇలాంటిదే. తప్పు చేసినప్పుడూ నొచ్చుకుంటాం, ఎదుటివాళ్ల కష్టం చూసీ నొచ్చుకుంటాం. మాట నొప్పిలోంచే వచ్చింది.

ఇక వాక్యం దగ్గరికి వద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను.

తెలుగులో ‘నాకు కోపం వచ్చింది’ అంటాం. భయం వేస్తుంది. సిగ్గేస్తుంది. దిగులు పట్టుకుంటుంది. ఆశ పుడుతుంది. జాలి కలుగుతుంది. ఏడుపు తన్నుకొస్తుంది. ఒక్కోదానికి ఒక్కో క్రియ. వీటిలో ఎక్కడా ‘నేను’ కర్త కాదు. ‘నాకు’ అని పక్కన నిలబడతాను. భావం తనంతట తాను నడిచి వస్తుంది, కాసేపు ఉంటుంది, పోతుంది. ‘కోపం పోయిందా?’ అని అడుగుతాం, చుట్టం వెళ్లాడా అని అడిగినట్టు.

ఇంగ్లీషులో ‘ఐ యామ్ యాంగ్రీ’. నేను పొడుగ్గా ఉన్నాను అనడానికి ‘ఐ యామ్ టాల్’ అన్నట్టే ఇది కూడా. భావం వచ్చిపోయే చుట్టంలా కాకుండా, ఆ క్షణానికి మనిషి లక్షణంగానే నిలబడుతుంది. మనలాగా చెప్పే భాషలు ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషుకి పక్కనే ఉన్న ఐరిష్‌లో నాకు విచారంగా ఉంది అనడానికి ‘విచారం నా మీద ఉంది’ అంటారు.

ఈ నడక తేడా పట్టుకోకపోతే ‘ఐ గాట్ ఫియర్’, ‘ఐ గాట్ టెన్షన్’, ‘ఐ గాట్ హ్యాపీనెస్’ లాంటి వాక్యాలు వస్తాయి. మన ‘వచ్చింది’ని ‘గాట్’ చేసి, వెనక భావం పేరు తగిలిస్తాం. ‘గెట్’ వాడొచ్చు, చక్కగా వాడొచ్చు. దాని తర్వాత మనిషి ఎలా ఉన్నాడో చెప్పే విశేషణం పెట్టాలి. ‘ఐ గాట్ స్కేర్డ్’, ‘ఐ గాట్ యాంగ్రీ’, ‘ఐ గాట్ నెర్వస్’. ‘ఐ యామ్ యాంగ్రీ’ అంటే ఇప్పుడు కోపంగా ఉన్నాను. ‘ఐ గాట్ యాంగ్రీ’ అంటే కోపం వచ్చింది. మన ‘వచ్చింది’కి దగ్గరగా నిలిచేది ఈ ‘గెట్’. ఇక ‘ఐ ఫీల్’తో మొదలుపెడితే మాట ఇంకాస్త మెత్తబడుతుంది. ‘యూ హర్ట్ మీ’ అంటే ఎదుటివాళ్ల మీద నింద. ‘ఐ ఫీల్ ఎ బిట్ హర్ట్’ అంటే నా సంగతి చెప్పుకోవడం. ఇంట్లో మనుషులతో మాట్లాడేటప్పుడు ఈ తేడా చాలా పని చేస్తుంది.

‘బోర్డ్’కీ ‘బోరింగ్’కీ తేడా బడిలోనే విని ఉంటారు, త్వరగా దాటేస్తాను. భావం ఎవరిలో పుట్టిందో వాళ్లకి చివర ‘ఎడ్’, పుట్టించినదానికి చివర ‘ఇంగ్’. ‘ఐ యామ్ బోరింగ్’ అంటే నేను మిమ్మల్ని విసిగిస్తాను అని అర్థం. ‘ఇంట్రెస్టెడ్’, ‘కన్‌ఫ్యూజ్డ్’, ‘ఎక్సైటెడ్’ అన్నీ ఇదే దారి.

ఇప్పుడు మన ఇంట్లోకి వచ్చి స్థిరపడిపోయిన ఇంగ్లీషు మాటలు. చిక్కంతా వీటితోనే, ఎందుకంటే ఇవి మనకి తెలుసు అనుకుంటాం.

‘ఫీల్’ సంగతి చూడండి. తెలుగులో ‘వాడు ఫీలయ్యాడు’ అంటే నొచ్చుకున్నాడని. ‘ఫీలవ్వకు’ అంటే మనసులో పెట్టుకోకు అని. మాట పూర్తిగా మనదైపోయింది, తెలుగులో అలా వాడటం తప్పని నేను అనను. కానీ ఇంగ్లీషులో ‘హి ఫెల్ట్’ అని ఆపేస్తే వాక్యం గాల్లో వేలాడుతుంది. ఏం ఫెల్ట్? హర్టా, హ్యాపీనా, కోల్డా? ఆ మాట మొదట చేత్తో తాకి చూడటానికి పుట్టింది, ఏం తగిలిందో చెప్పేదాకా దానికి నిండుదనం రాదు. ‘ఫీలయ్యాను’కి ‘ఐ ఫెల్ట్ హర్ట్’ అనాలి. ‘ఫీలవ్వకు’కి ‘డోంట్ ఫీల్’ అంటే నీకు ఏ భావమూ ఉండకూడదని ఆజ్ఞ వేసినట్టుంటుంది. ‘డోంట్ టేక్ ఇట్ టు హార్ట్’ అనండి.

‘టెన్షన్’ మనకి పెద్ద గొడుగు. పరీక్ష ముందు టెన్షన్, అబ్బాయి రాత్రి ఆలస్యంగా వస్తే టెన్షన్, పని నెత్తి మీద పడితే టెన్షన్. ఇంగ్లీషు ఆ గొడుగు కింద ఉన్నవాళ్లని ఒక్కొక్కరిగా పిలుస్తుంది. కాసేపట్లో ఏదో జరగబోతుంటే ‘నెర్వస్’. ఒక మనిషి గురించో విషయం గురించో అయితే ‘వరీడ్’. దేనికని చెప్పలేని గుబులు, రోజుల తరబడి వదలనిది, ‘యాంక్షస్’. పని భారం అయితే ‘స్ట్రెస్డ్’. వాళ్లు ‘టెన్షన్’ అనే మాటని ఎక్కువగా ఇద్దరి మధ్యో, రెండు దేశాల మధ్యో ఉండే బిగువుకి వాడతారు. మనిషి ‘టెన్స్’గా ఉండొచ్చు. ‘ఐ యామ్ టెన్షన్’ మాత్రం వాళ్లకి అర్థం కాదు.

‘సెంటిమెంట్’ అంటే మనకి ఒక నమ్మకం. ఈ పెన్నుతో రాస్తేనే పాసవుతానని నాకు సెంటిమెంట్, అంటాం. అక్కడ అది ‘సూపర్‌స్టిషన్’. వాళ్ల ‘సెంటిమెంట్’ ఒక భావన, ఒక అభిప్రాయం. ‘మూడౌట్’ అక్కడ లేదు, ‘ఐ యామ్ ఇన్ ఎ బ్యాడ్ మూడ్’ ఉంది.

‘డిప్రెషన్’ విషయంలో మాత్రం మిమ్మల్ని బతిమాలుకుంటాను. ఒక్క పూట దిగులుకి ‘డౌన్’ చాలు, ‘లో’ చాలు. డిప్రెషన్ అన్నది వైద్యం అవసరమైన జబ్బు పేరు కూడా. ఊరికే వాడి వాడి ఆ మాటని మనం అరగదీస్తే, నిజంగా ఆ జబ్బుతో ఉన్న మనిషి నోరు తెరిచి చెప్పినప్పుడు ఎవరూ ఆగి వినరు.

వీటన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవలసిన తెలుగు మాట ‘సిగ్గు’. కొత్తవాళ్లు వస్తే పిల్లాడు తల్లి వెనక దాక్కుంటాడు, అది ‘షై’. నలుగురిలో కాలు జారి పడతాం, అది ‘ఎంబరాస్డ్’. చేయకూడని పని చేసి తల దించుకుంటాం, అది ‘అషేమ్డ్’. షై అన్నది స్వభావం. ఎంబరాస్డ్ కావాలంటే మామూలుగా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. అషేమ్డ్ కావడానికి ఎవరూ అక్కర్లేదు, మన అంతరాత్మ ఒక్కటే చాలు. ఒక పెద్దాయన ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ అషేమ్డ్ టు స్పీక్ ఇంగ్లీష్’ అన్నారు. ఆయన చెప్పాలనుకున్నది, ఇంగ్లీషులో మాట్లాడాలంటే బిడియంగా ఉంటుందని. అవతల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు విన్నది, ఇంగ్లీషు మాట్లాడటం ఆయనకు తలవంపులని. ‘ఐ ఫీల్ సెల్ఫ్‌కాన్షస్ వెన్ ఐ స్పీక్ ఇంగ్లీష్’ అని ఉంటే సరిపోయేది. అందరూ నన్నే చూస్తున్నారన్న ఇబ్బంది ఆ ‘సెల్ఫ్‌కాన్షస్’లో ఉంది, మన బిడియానికి చాలా దగ్గర.

నిజానికి తెలుగులోనూ ఈ గట్లు ఉన్నాయి. బిడియం, మొహమాటం, నామోషీ, తలవంపులు, అన్నీ మనవే. తొందరలో అన్నిటికీ సిగ్గు అనేస్తాం. తెలుగులో సరైన మాట పట్టుకున్నవాళ్లకి ఇంగ్లీషులో సగం పని అయిపోయినట్టే. మొహమాటానికి ఇంగ్లీషులో ఒక్క మాట నాకు ఇంతవరకు దొరకలేదు. ‘ఐ వాజ్ టూ పొలైట్ టు సే నో’ అని విడమరిచి చెబుతాను.

మాట దొరికాక కొలత చూసుకోవాలి. రాబర్ట్ ప్లుచిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1980లో భావాలను ఒక పువ్వులా గీసి చూపించాడు. ఎనిమిది రేకులు. బయటి అంచు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ రంగు చిక్కబడుతుంది, భావమూ చిక్కబడుతుంది. కోపం రేకులో అంచున ‘ఎనాయన్స్’, నడుమ ‘యాంగర్’, లోపల ‘రేజ్’. భయం రేకులో ‘అప్రిహెన్షన్’, ‘ఫియర్’, ‘టెర్రర్’. విచారం రేకులో ‘పెన్సివ్‌నెస్’, ‘శాడ్‌నెస్’, ‘గ్రీఫ్’. ఆ పువ్వుని కాగితం మీద గీసుకుని గోడకు అంటించుకున్న విద్యార్థులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ అది మేలే చేసింది.

మన నాట్యశాస్త్రం కూడా ఎనిమిది స్థాయీభావాలు చెప్పింది. వాటి మీద అలల్లా వచ్చిపోయే సంచారీభావాలను 33గా లెక్కపెట్టింది. ఆ 33లో ‘అమర్షం’ అని ఒకటుంది. తనకన్నా ధనంలోనో అధికారంలోనో పైనున్నవాళ్లు అవమానిస్తే సహించలేక పుట్టేది. ‘త్రాసం’ అని ఇంకొకటి. భయం వేరే ఉండగా, ఉన్నట్టుండి ఉలిక్కిపడటానికి మళ్లీ వేరే పేరు పెట్టారు. ఇంగ్లీషు ‘స్టార్టిల్డ్’ అనేది దీన్నే. ఇంత సన్నగా చూసిన వాళ్ల వారసత్వం మనది. మరి మనం ‘వెరీ శాడ్’, ‘వెరీ యాంగ్రీ’ దగ్గర ఆగిపోవాల్సిన పనేముంది?

కోపాన్నే తీసుకుందాం. చిన్న చిరాకు ‘ఎనాయిడ్’. ఎంత ప్రయత్నించినా పని సాగకపోతే వచ్చేది ‘ఫ్రస్ట్రేటెడ్’. అన్యాయం జరిగిందన్న కోపం ‘ఇండిగ్నెంట్’, మన అమర్షానికి దగ్గర బంధువు. చాలాకాలం లోపల దాచుకున్న కోపం ‘రిజెంట్‌మెంట్’. ‘మ్యాడ్’ అని అమెరికాలో అంటే కోపం, బ్రిటన్‌లో ఎక్కువగా పిచ్చి. పైమెట్టు మీద ‘ఫ్యూరియస్’, ‘లివిడ్’ ఉన్నాయి. లివిడ్ అంటే మొదట దెబ్బ తగిలి కమిలిన చోటి రంగు. ఈ పైమెట్టు మాటలకు ముందు ‘వెరీ’ పెట్టరు. ‘వెరీ ఫ్యూరియస్’ అనరు, ‘అబ్సల్యూట్లీ ఫ్యూరియస్’ అంటారు. ఫ్యూరియస్‌లోనే ఆ ‘వెరీ’ నిండి ఉంది. ‘టెర్రిఫైడ్’, ‘డిలైటెడ్’, ‘డెవాస్టేటెడ్’ కూడా ఈ వరసలోవే.

ఇప్పుడు నేను ఎప్పుడు చెప్పినా ఆనందపడే భాగం. మాటల పుట్టుక.

‘హ్యాపీ’లో ఉన్న ‘హ్యాప్’ అంటే అదృష్టం. ‘హ్యాపెన్’, ‘పర్‌హ్యాప్స్’ లాంటి మాటల్లో ఉన్నదీ అదే. మొదట హ్యాపీ అంటే అదృష్టం కలిసొచ్చినవాడు. ‘శాడ్’ ఇంకా విచిత్రం. పాత ఇంగ్లీషులో దాని అర్థం కడుపు నిండినవాడు. నిండిపోయి, ఇక చాలనిపించి, అలసి, చివరికి విచారంలోకి దిగింది. జర్మన్‌లో దాని తోబుట్టువుకి ఇప్పటికీ కడుపు నిండిందనే అర్థం. మనం ‘మొహం మొత్తింది’ అంటామే, ఆ దారిలోనే ఈ మాట నడిచింది. ‘డిస్గస్ట్’లో ఉన్నది రుచి అనే లాటిన్ మాట, అంటే నాలుకకి పడకపోవడం. మన ‘వెగటు’ కూడా నాలుక మీద పుట్టి మనసుకి ఎక్కింది. ‘ఎన్వీ’ వచ్చింది చెడు చూపు చూడటం అనే లాటిన్ మాట నుంచి. మనం ‘వాడికి కన్నుకుట్టింది’ అంటాం. ఎక్కడి లాటిన్, ఎక్కడి తెలుగు, అసూయ మాత్రం రెండు చోట్లా కంట్లోనే కూర్చుంది.

‘వరీ’ అన్న మాట పాత ఇంగ్లీషులో గొంతు నులమడం. తర్వాత తోడేళ్లూ కుక్కలూ గొర్రెల గొంతు పట్టి పీకడం. ఇప్పటికీ కుక్క గొర్రెల వెంటపడి పీకితే ‘వరీ’ అనే అంటారు. మనసుకి సంబంధించిన అర్థం ఆ తర్వాత వచ్చింది. ‘దిగులు పీక్కుతింటోంది’ అని మనం అంటాం కదా. ‘యాంక్షస్’ కూడా బిగించడం, ఊపిరాడకుండా చేయడం అనే లాటిన్ మాట నుంచే వచ్చింది. ఒకసారి ఈ పుట్టుక విన్నవాళ్లు ఆ మాటని మళ్లీ మర్చిపోరు, నేను చూశాను.

‘నోస్టాల్జియా’కి పుట్టినరోజు ఉంది. 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే యువకుడు వైద్య పట్టా కోసం రాసిన గ్రంథంలో ఆ మాట తయారుచేశాడు. ఇంటికి తిరిగి వెళ్లడం, నొప్పి, ఈ రెండు అర్థాల గ్రీకు మాటలు కలిపి అతికాడు. ఊరికి దూరమై చిక్కిపోతున్నవాళ్ల జబ్బుకి అది పేరు. అంటే అచ్చంగా మన ‘బెంగ’. పిల్లాడు బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకున్నాడు అంటాం, అదే. ఇప్పుడు మాత్రం ఆ మాట మారిపోయింది. గడిచిపోయిన రోజుల తీపి తలపుకి వాడుతున్నారు. కాబట్టి బెంగకి నేడు ‘నోస్టాల్జియా’ సరిపోదు. ఇంటి మీద బెంగ అయితే ‘హోమ్‌సిక్’, మనిషి మీద అయితే ‘ఐ మిస్ హర్’. పుట్టుక గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది, వాడటానికి మాత్రం నేటి అర్థమే చూసుకోవాలి.

మాట తర్వాత వచ్చే చిన్న ముక్కలు కూడా మాటతో కలిపే నేర్చుకోండి. ‘అఫ్రెయిడ్ ఆఫ్’, ‘ప్రౌడ్ ఆఫ్’, ‘వరీడ్ అబౌట్’, ‘ఫెడప్ విత్’. మనిషి మీద కోపమైతే ‘యాంగ్రీ విత్’, విషయం మీద అయితే ‘యాంగ్రీ అబౌట్’. వీటికి కారణాలు వెతకొద్దు, పేరూ ఇంటిపేరూ లాగా కలిపి పెట్టుకోండి.

ఇంత శ్రమ ఎందుకు, ‘హ్యాపీ’, ‘శాడ్’ చాలవా అని అడిగేవాళ్లకి ఒక ప్రయోగం గురించి చెబుతాను. 2007లో మాథ్యూ లీబర్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కొంతమందికి కోపంగానో భయంగానో ఉన్న ముఖాల ఫొటోలు చూపిస్తూ మెదడుని స్కాన్ చేశారు. ఆ ముఖంలో ఉన్న భావానికి పేరు ఎంచుకోమన్నప్పుడు, భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగం కాస్త నెమ్మదించింది. ఆ ముఖానికి తగిన మనిషి పేరు ఎంచుకోమన్నప్పుడు అంతగా నెమ్మదించలేదు. భావాలను సన్నగా వేరుచేసి చెప్పగలగడానికి లీసా ఫెల్డ్‌మన్ బారెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ‘ఎమోషనల్ గ్రాన్యులారిటీ’ అని పేరు పెట్టారు. పెసరగింజంత వివరంగా అనుకోండి. నా అనుభవం కూడా అదే చెబుతుంది. ‘నాకు బ్యాడ్‌గా ఉంది’ అన్నవాళ్లు అక్కడే తిరుగుతూ ఉంటారు. ‘నేను డిసప్పాయింట్ అయ్యాను’ అన్నవాళ్లు, నేను దేని కోసం ఆశపడ్డాను అనే ప్రశ్న దగ్గరికి వస్తారు.

ఇక మీ ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: సార్, ఆఫీసులో కోపం వస్తే మెయిల్‌లో ఏమని రాయాలి?

‘యాంగ్రీ’ రాయకండి, తలుపు మూసేసినట్టుంటుంది. ‘ఐ యామ్ కన్సర్న్‌డ్’ అంటే ఇది సరిగ్గా లేదు, పట్టించుకోండి అని. ‘ఐ యామ్ డిసప్పాయింటెడ్’ అంటే అంతకన్నా ఒక మెట్టు పైన. ‘ఐ యామ్ నాట్ వెరీ హ్యాపీ అబౌట్ దిస్’ అని మీకు ఎవరైనా రాస్తే, కొంచెం అసంతృప్తి అనుకుని ఊరుకోకండి. చాలాసార్లు అది పెద్ద కోపమే. తగ్గించి చెప్పడం అక్కడ మర్యాద. అలాగే ‘ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్ కమ్’ అంటే భయమేమీ లేదు. రాలేకపోతున్నందుకు నొచ్చుకుంటున్నాను అని.

ప్రశ్న: మాస్టారూ, ‘హమ్మయ్య’కి ఇంగ్లీషు ఉందా?

ఉందమ్మా, మంచి ప్రశ్న. మాటగా అయితే ‘రిలీవ్డ్’. ‘ఐ వాజ్ సో రిలీవ్డ్’ అంటే హమ్మయ్య అనిపించింది. మెయిల్‌లో ‘వాట్ ఎ రిలీఫ్’ అని ఒక్క ముక్క రాసినా సరిపోతుంది. మనవాళ్లు ఈ సందర్భంలో ‘ఐ యామ్ హ్యాపీ’ అనేస్తారు. అంతకుముందు పడ్డ గుబులు ఆ హ్యాపీలో కనబడదు. రిలీవ్డ్‌లో కనబడుతుంది, గుండెల మీద నుంచి బరువు దిగిన చప్పుడు కూడా వినబడుతుంది.

ప్రశ్న: ‘అలక’ని ‘సల్కింగ్’ అంటే సరిపోతుందా?

నా మటుకు నాకు సరిపోదు. ‘సల్క్’లో చిన్నచూపు ఉంది. మూతి ముడుచుకుని మూల కూర్చుంది అన్నట్టుంటుంది. అలకలో హక్కు ఉంది. పరాయివాళ్ల మీద ఎవరూ అలగరు. వచ్చి బుజ్జగిస్తారన్న నమ్మకం ఉన్నచోటే అలుగుతారు. ఇంగ్లీషులో ఆ రెండూ కలిసిన ఒక్క మాట లేదు. నేనైతే ఇలా చెబుతాను: ‘షి ఈజ్ అప్‌సెట్ విత్ మీ, అండ్ షి ఈజ్ వెయిటింగ్ ఫర్ మీ టు కమ్ అండ్ మేక్ అప్.’ వాక్యం పొడుగైంది. అయినా అలగడం వచ్చింది, అలిగినవాళ్లు మన అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉంటారన్నదీ వచ్చింది.